చెంచురామయ్య మామ ‘యాడికి?’

మా చెంచురామయ్య మామకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడుం అయినా లేదు. ఉన్నదల్లా ఒకటే రోగం. బయలుదేరిన మనిషిని ఆపి “యాడికి?” అని అడగడం. పని మీద పోయేవాణ్ణి అలా అడగకూడదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అడక్క తప్పకపోతే మర్యాదస్తులు “దూరమా?” అంటారు. మామకు ఆ మర్యాద అబ్బలేదు.

చర్ల దగ్గర మా ఊళ్లో బస్సుకు పోవాలన్నా, అడవికి పోవాలన్నా ఆయన అరుగు ముందు నుంచే పోవాలి. తెల్లారేసరికి కాఫీ గ్లాసుతో అక్కడ తయారు. ఆయన అడిగాడంటే మనం నెత్తి కొట్టుకుని వెనక్కి తిరిగి, కాళ్లు కడుక్కుని, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరాలి. అప్పుడైనా ఊరుకుంటాడా?

“ఇందాక చెప్పనేలేదు. యాడికి?”

బుల్లెమ్మత్త విసిగిపోయి అరుగు మీదే బిందె, చెంబు పెట్టేసింది. “మీ మామ నోరు మూయించుడు నా వల్ల కాదు నాయనా. నీళ్లన్నా పోస్త, తాగిపో,” అనేది.

బీడీలకు తునికాకు కోయబోయే ఎర్రమ్మ లాంటివాళ్ల గతి మరీ అధ్వానం. ఏ గుట్టకు, ఎవరెవరు, ఎప్పుడొస్తారు, అన్నీ చెప్పాలి. “క్యాంపు పోలీసోళ్లన్నా ఇన్ని అడగరయ్యా!” అని మొత్తుకునేది ఎర్రమ్మ. పొద్దుగూకితే మళ్లీ మొదలు. “నువ్వొచ్చినవ్, మరి బొజ్జయ్య ఏడి?” అంటూ అందరూ వచ్చేదాకా కంచం ముందు కూర్చునేవాడు కాదు. అన్నం చల్లారిపోయిందని అత్త తిట్లు.

తొంభై రెండులో పోయాడు. పాడె ఎత్తగానే బుల్లెమ్మత్త గడపలోంచి, “యాడికయ్యా?” అంది. మోసే నలుగురూ అలవాటు కొద్దీ పాడె దించి బిందె వైపు చూశారు. “నలభై ఏండ్లు ఊరందర్ని అడిగినవ్. నాకొక్కదానికి చెప్పి పో,” అంది అత్త. ఏడుస్తున్నవాళ్లకు నవ్వాగలేదు. పంతులుగారు విసుక్కున్నారు. సొంత చావుకి కూడా ఆలస్యం చేయించాడు మహానుభావుడు.

ఇక నా సంగతి. నావి రెండు ఇంటర్వ్యూలు ఆ ‘యాడికి’ పాలయ్యాయి. ఒకసారి నేను నీళ్లు తాగేలోపు బస్సు పోయింది. రెండోసారి బస్సు దొరికింది, ఉద్యోగం దొరకలేదు. మూడోది ఎనభై ఒకటిలో, ఖమ్మంలో, మధ్యాహ్నం మూడింటికి. సర్కారు కొలువుకు నా వయసు ఆ నెలతో దాటిపోతుంది. ఇది పోతే ఇక నాగలే గతి.

ముందురోజు వెళ్లి బతిమాలాను. “మామా, నీ కాళ్లు మొక్కుతా. రేపొక్కనాడు అడక్కు.”

“అడగన్రా అల్లుడా. నాకేం పని?”

ఆ మాట నమ్మితే నాకంటే వెర్రివాడు ఉండడు. తెల్లవారగానే సర్టిఫికెట్ల కవరు చంకన పెట్టుకుని, అరుగు తప్పించుకుని, పెరటి వైపు నుంచి, చుట్టు తిరిగి రోడ్డెక్కే అడవిదారి పట్టాను. వాగు గట్టున కాలు జారింది. కింద పడ్డాను. చీలమండ కలుక్కుమంది. లేవబోతే ప్రాణం పోయినంత పనయింది.

దూరంగా రోడ్డు మీద బస్సు వచ్చిన చప్పుడు. అయిపోయింది నా కొలువు అనుకుని కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ బస్సు పోదే! ఒకటే హారన్. కాసేపటికి మనుషుల కేకలు. మా పక్కపొలం బొజ్జయ్య ముందు, కండక్టరు వెనక, పది మంది ప్యాసింజర్లు, అందరికంటే వెనక రొప్పుకుంటూ మామ.

బొజ్జయ్య నన్ను వీపున ఎక్కించుకుని చెప్పాడు. “అరుగు మీద కూసుంటే నోరాగదని, పొద్దుగాల్నే రోడ్డు మీదికొచ్చి నిలవడ్డడు చిన్నయ్యా. నువ్ బస్సెక్కుడు కండ్ల జూస్తే చాలన్నడు. నువ్ రాకపాయె. మావోడు నన్ను తప్పిచ్చుకోను అడవిదారిన పోయి ఏడనో పడ్డడని బస్సు ముంగట అడ్డం పండుకున్నడు.”

“మామకెందుకయ్యా ఇంత ఆరాటం?” అని అడిగాను.

“మా అన్న పగిడయ్య ఎటు పోయిండో ఆనాడు ఎవ్వరం అడగలే. మూడు దినాలు గుట్టలెంబడి ఎతికినం. ఆయన గీ వాగులనే పడున్నడు. బతికిండు గని కాలు పోయింది. ఎతికినోళ్లల్ల మీ మామ ఉన్నడు. అప్పటిసంది గిట్లనే అడుగుతడు.”

నాకు సిగ్గేసింది. పక్కన మామ పళ్లు బిగబట్టి నడుస్తున్నాడు. నా కాలు చూస్తాడు, కవరు చూస్తాడు, ఏదో అనబోయి మింగేస్తాడు. ఇచ్చిన మాట గొంతుకు అడ్డం పడింది పాపం. ఆ అవస్థ చూడలేకపోయాను.

“ఖమ్మం మామా. ఇంటర్వ్యూకి,” అన్నాను.

మామ మొహం వెలిగిపోయింది. “నేనడగలే! కండక్టరూ, నువ్వే సాక్షి. వాడే చెప్పిండు!”

బస్సులో నాకు వెనక సీటు మొత్తం ఇచ్చేశారు. కండువాతో మామ కట్టిన కట్టుతోనే, వెంట వచ్చిన బొజ్జయ్య భుజం పట్టుకుని ఇంటర్వ్యూ గదిలోకి కుంటుకుంటూ వెళ్లాను. ఉద్యోగం వచ్చింది. కాలు అతుక్కోవడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలూ మామ ఊరంతా తిరిగి ఒకటే చాటింపు. “నేను అడగకపోబట్టే వాడికి కొలువొచ్చింది!”

ఒంటికాలి మీద నిలబడి కాదని ఎవరితో వాదించను?