పక్క సీటు పరీక్ష

పోయిన నెల ఒక పొద్దున పాలు కాగుతుండగా ఫోన్ మోగింది. మేడం, మా కంప్యూటర్ సార్ భార్య. ఆ వేళప్పుడు ఆవిడ ఎప్పుడూ ఫోన్ చేయరు.

"సార్ పోయిన్రు బిడ్డా. నిద్రల్నే. చాయ్‌కి లేపితే లేవలే."

స్టవ్ ఆపేశాను. ఆవిడే మళ్ళీ అన్నారు. "భయపడకు. ఆయన కష్టపడలే. ఏ ఫికర్ లేకుండ పోయిన్రు. నీకు ఎర్కే గదా."

ఔను, నాకు తెలుసు. అందుకేనేమో, మా సార్ గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపుకు ముందు ఒక తేలిక వస్తోంది. చనిపోయిన మనిషి గురించి అలా రాయడం మర్యాద కాదని మొదట వెనకాడాను. కానీ ఆ తేలిక కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం పైన ఆయన కంప్యూటర్ క్లాసు ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే, ఒక బ్యాచ్ దిగేదాకా ఇంకో బ్యాచ్ కిందే నిలబడాలి. ఆదివారాలు ఆ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను వాటి కోసమే వెళ్ళేదాన్ని. ఒక ఆదివారం వాన వస్తే తలదాచుకోవడానికి ఆ మెట్ల మీద నిలబడ్డాను. పైనుంచి ఒక పెద్దాయన తొంగి చూసి, "ఏందమ్మా, నానుకుంట నిలవడ్డవ్? పైకి రా. క్లాసు వింటే విను, లేకుంటే నీ పుస్తకం సదువుకో," అన్నారు. పుస్తకం తెరిచాను కానీ చదవలేదు. క్లాసే విన్నాను. తర్వాతి వారం పేరు రాయించుకున్నాను.

నేను కాన్వెంటులో చదివాను. అక్కడి సిస్టర్లు నన్ను మంచి పిల్ల అనేవారు. మాట్లాడదని దాని అర్థం. మా ఇల్లు కూడా అంతే. కోస్తా నుంచి తాతగారి కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబం. పిలిస్తే పలుకుతాం, పిలవకపోతే ఎవరి గదిలో వాళ్ళం. ఆ క్లాసులో చివరి వరసలో గోడ పక్క సీటు చూసుకుని, ఇక ఎవరితోనూ పని లేదనుకున్నాను.

పని పడింది. సార్ పద్ధతి ఒకటుండేది. క్లాసు అయ్యే ముందు చప్పట్లు కొట్టి, "లెవ్వుండ్రి, సీట్లు మారుండ్రి!" అనేవారు. మేం రాసేది పైథాన్ అనే కంప్యూటర్ భాషలో. ఎవరి ప్రోగ్రామును వాళ్ళ మెషిన్ మీద నడిపి చూపిస్తే ఒప్పుకునేవారు కాదు. దాన్ని పక్కవాళ్ళ మెషిన్ మీద, ఖాళీ ఫోల్డర్‌లో, మొదటి నుంచి కట్టాలి. అక్కడ నడిస్తేనే నడిచినట్టు. దాన్ని మేమంతా పక్క సీటు పరీక్ష అనేవాళ్ళం.

మొదటిసారి నా ప్రోగ్రాము పక్క మెషిన్ మీద కదల్లేదు. ఆ సీటు బేగం బజార్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే వాళ్ళమ్మాయిది. గలగలా మాట్లాడే మనిషి.

"సార్, ఈమె లెక్కనే ఈమె ప్రోగ్రాం గూడ నోరు తెరుస్తలేదు!"

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. సార్ నవ్వలేదు. "దానికి నోరున్నది. నీ మెషిన్ల పైథాన్ ఏడున్నదో దానికెవ్వరు చెప్పలే. నీ ఇంటికి కొత్తగ వచ్చినోళ్ళకు మంచినీళ్ళు ఏడుంటయో చెప్పవా?" అని ఆ అమ్మాయినే అడిగారు. తర్వాత నా వైపు తిరిగి, "పోయి అడుగమ్మా, నీ పైథాన్ ఏడ పెట్టుకున్నవని. ఆమె కొరుకది," అన్నారు.

నేను అడిగాను. బయటి మనిషితో నేనే మొదలుపెట్టి మాట్లాడటం దాదాపు అదే మొదలు. ఆ అమ్మాయి ఇప్పుడు నా స్నేహితురాలు. సార్ పోయారని తెలిసి మొదట నా దగ్గరికి వచ్చింది కూడా ఆమే.

ఈ వెతుకులాట గురించి కొంచెం చెప్పాలి. ఒక ప్రోగ్రాములో కొంత భాగం ఒక భాషలో, కొంత ఇంకో భాషలో ఉండవచ్చు. వాటిని కలిపి నడిచే వస్తువుగా కట్టడమే బిల్డ్. కట్టే సాధనం ముందు ఆ మెషిన్‌లో పైథాన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నిజానికి వెతకాల్సినవి రెండు. మనం రాసింది చదివి నడిపించే ఇంటర్‌ప్రెటర్ ఒకటి, దానికి జతగా వచ్చే లైబ్రరీలు ఇంకొకటి. ఒకే మెషిన్‌లో పాత పైథాన్, కొత్త పైథాన్ రెండూ ఉండటం మామూలే. అప్పుడు వేరువేరుగా అడిగితే ఇంటర్‌ప్రెటర్ కొత్తదాన్నుంచి, లైబ్రరీలు పాతదాన్నుంచి దొరకవచ్చు. సాధనం మాత్రం రెండు చోట్లా "దొరికింది" అనే చెబుతుంది.

సార్ దీనికి ప్రెషర్ కుక్కర్ కథ చెప్పేవారు. "కుక్కర్ సుల్తాన్ బజార్‌ల కొన్నవ్. రబ్బరు అఫ్జల్‌గంజ్‌ల కొన్నవ్. రెండూ మంచియే. జోడీ గాదు. ఇగ విజిల్ ఎట్లొస్తది?" ఎవరైనా "దొరికింది సార్!" అని సంబరంగా అరిస్తే, అద్దాలు నుదుటి మీదికి తోసి, "దొరికింది సరే. ఏది దొరికింది?" అనేవారు.

ఆయన ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. క్లాసు మూసేశాక కూడా నేను వెళ్ళి వస్తుండేదాన్ని. మేడం హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చదవకుండా ఉండలేని మనిషి. బెల్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేవారట. షుగర్ వల్ల ఆవిడ చూపు మెల్లగా తగ్గి, చివరికి వెలుతురు మాత్రం మిగిలింది. కొన్నాళ్ళు సార్ చదివి వినిపించారు. కానీ ఇద్దరికీ రోజూ గొడవే.

"మీరు సంపాదకీయం ఎగ్గొడ్తున్నరు," అనేవారు మేడం.

"ఎగ్గొడ్తలేను. అండ్ల ఏం లేదు."

"ఉన్నదో లేదో నేను చూసుకుంట గదా. మీరు సదువుండ్రి."

ఈ గొడవ తీరడానికి ఆయన ఒక ప్రోగ్రాము రాశారు. కెమెరా కింద కాగితం పెట్టి మీట నొక్కితే, తెలుగు అక్షరాలు గుర్తుపట్టి పైకి చదువుతుంది. గొంతు పుట్టించే భాగం ఇంకో భాషైన సి ప్లస్ ప్లస్‌లో, మిగతాదంతా పైథాన్‌లో. మూల గదిలో పాత కంప్యూటర్ మీద అది ఏళ్ళుగా నడిచింది. మేడం పేపరూ, పుస్తకాలూ, పెళ్ళి కార్డులూ, మందుల పెట్టె మీది చిన్న అక్షరాలూ, అన్నీ దాని చేతే చదివించుకునేవారు. అది తప్పు చదివితే బడి పిల్లల్ని దిద్దినట్టు దిద్దేవారు.

మొన్నటి ఎండాకాలంలో సార్‌కి గుండె జబ్బు ముదిరి దవాఖానలో చేర్చారు. అదే నెలలో పాత కంప్యూటర్ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. రిపేరు చేసే ఆయన చూసి, ఇలాంటి బోర్డు ఇక దొరకదని చెప్పి వెళ్ళాడు. నేను దవాఖానకు వెళ్తే, సార్ తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"నా సంగతి డాక్టర్లు చూస్తున్నరు. ఆ డబ్బా సంగతి ఎవ్వరు చూడాలె? రేపు అది బందయితే ఆమెకు ఎవ్వరు సదువుతరు? నేనైతె..." అని ఆగి కిటికీ వైపు చూశారు.

నేను కొత్త లాప్‌టాప్ మీద కట్టి చూస్తానన్నాను.

ఆదివారం పొద్దున వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. మేడం ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, నా వేళ్ళ చప్పుడు వింటున్నారు. బిల్డ్ మొదలైంది. ఇంటర్‌ప్రెటర్ దొరికింది. లైబ్రరీలు దొరికాయి. ఒక్క తప్పూ చూపకుండా పూర్తయింది. "అయిపోయింది మేడం!" అన్నాను. పేపరు పెట్టి మీట నొక్కాను. ఏ శబ్దమూ రాలేదు. మళ్ళీ నొక్కాను. మేడం చేతులు చిక్కుడుకాయల మీద అలాగే ఆగిపోయాయి.

సార్‌కి ఫోన్ చేశాను.

"దొరికింది సార్. కానీ మాట్లాడట్లేదండీ."

"ఏది దొరికింది?"

నేను చదివి చెప్పాను. ఇంటర్‌ప్రెటర్ కొత్తది. లైబ్రరీలు లాప్‌టాప్‌తో వచ్చిన పాత పైథాన్‌వి.

"రెండిటిని ఒక్కసారి కల్పి అడిగినవా, వేరువేరుగ అడిగినవా?"

నేను తటపటాయించాను. "బిల్డ్ ఫైల్ మీరు రాసిందే కదండీ. అందులో వేరువేరుగా ఉంది."

అటువైపు నుంచి నవ్వు, దాని వెనకే దగ్గు. "అరే! ఊరందరికి చెప్పినోన్ని, నా ఇంట్ల నేనే గిట్ల రాసిన్నా? ఆ డబ్బాల ఒక్కటే పైథాన్ ఉండె. ఏడ అడిగినా అదే దొరికేది. నాకెన్నడు తెల్వనే లే."

ఆ ఒక్క ప్రోగ్రాముకే ఆయన పక్క సీటు పరీక్ష పెట్టలేదు. అది ఇంటి కోసం రాసింది. ఇంట్లో పక్క సీటే లేదు.

రెండిటినీ ఒకే వాక్యంలో, ఒకే పైథాన్ నుంచి అడిగేలా మార్చాను. మళ్ళీ కట్టాను. మళ్ళీ మౌనమే. ఫోన్లో అదే చెప్పాను.

"ఊడ్చినవా?" అన్నారు సార్.

ఊడవడం అంటే ఆయన భాషలో బిల్డ్ ఫోల్డర్ మొత్తం తుడిచేయడం. ఈ సాధనం ఒకసారి వెతికి దొరకబుచ్చుకున్న జవాబును దాచిపెట్టుకుంటుంది. తర్వాత ప్రశ్న మార్చినా పాత జవాబే తీసి వాడుతుంది. ఆ ఫోల్డర్ తుడిచేశాను. మళ్ళీ మొదటి నుంచి కట్టాను. మీట నొక్కాను.

"ఆషాఢం సందర్భంగా," అంది ఆ గొంతు, "అన్ని పట్టుచీరలపై..."

మేడం చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. నేను ఫోన్‌ను లాప్‌టాప్ పక్కన పెట్టాను. ముగ్గురం చీరల ప్రకటన చివరిదాకా విన్నాం.

"వింటున్నరా?" మేడం ఫోన్ వైపు వంగి అడిగారు. "సేల్ అంట. తీస్కపోతరా మల్ల?"

"ఇంటికైతె రానియ్యి. ముందుగాల్నే ఖర్చు పెడ్తున్నవ్," అన్నారు సార్. ఆ గొంతులో ఎన్నాళ్ళుగానో లేని హుషారు వినిపించింది.

ఇంటికి వచ్చారు. రాగానే నన్ను పిలిచి, "ఇంకో మెషిన్ మీద కట్టాలె," అన్నారు. పైవాటాలో కిరాయికుండే టీచరమ్మ కంప్యూటర్ అడిగి రమ్మన్నారు. నేను ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, చివరికి తట్టాను. ఆవిడ సంతోషంగా ఇచ్చారు. ఖాళీ ఫోల్డర్‌లో మొదటిసారికే బిల్డ్ అయింది, మాట్లాడింది. నేను కిందికి వచ్చి చెప్పేసరికి సార్ మంచం మీద వెనక్కి వాలి, "ఇగ అయింది," అన్నారు. అంతే. థాంక్స్ చెప్పలేదు. ఆ పూట కడుపునిండా తిన్నారని మేడం తర్వాత చెప్పారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన ఉన్నారు. రోజూ పొద్దున ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఆయన కాగితం సర్ది మీట నొక్కేవారు, గొంతు చదివేది, ఆవిడ వినేవారు. సంపాదకీయం కూడా. అది చదువుతున్నంతసేపూ సార్ కళ్ళు మూసుకునేవారని, నిద్రపోయారనుకుంటే మధ్యలో "తప్పు" అనేవారని చెప్పి మేడం నవ్వారు.

కర్మకాండలు అయిన మర్నాడు నేను వెళ్ళాను. సార్ చెల్లెలు ఇంకా అక్కడే ఉన్నారు. ఇంకొందరు చుట్టాలు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మేడం లాప్‌టాప్ ముందు కూర్చుని, చదివించే మీట కోసం మీటల మీద వేళ్ళు ఆడిస్తున్నారు.

"వదినా, నేను సదువుత ఇయ్యి పేపర్," అన్నారు సార్ చెల్లెలు.

"వద్దులే. నువ్వు నీకు నచ్చింది సదువుతవ్."

పాత కీబోర్డు మీద ఆ మీట ఒక మూలన వేరుగా ఉండేది, చేతికి అందేది. ఈ లాప్‌టాప్‌లో అన్నీ ఒక్కలాగే చదునుగా ఉన్నాయి. ఇన్ని రోజులూ నొక్కింది సార్. అది నాకు తోచనే లేదు. నేను నొక్కబోతే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"రోజు నువ్వొస్తవా? అద్దం కాడ బొట్టుబిళ్ళల అట్ట ఉంటది. పట్టుకరా. జర దొడ్డుది చూడు."

అట్ట తెచ్చాను. ఒక పెద్ద బిళ్ళ తీసి, ఆ మీట మీద అతికించి వేలితో గట్టిగా అద్దాను. మాట్లాడుకుంటున్న చుట్టాలు ఒక్కసారి ఇటు చూశారు. మేడం పేపరు మడత విప్పి, అంచులు తడిమి కెమెరా కింద సర్దుకున్నారు. ఆవిడ వేలు మీటల వరస మీద నడుస్తూ వెళ్ళి, ఒకసారి దాటిపోయి, వెనక్కి వచ్చి, ఆ మఖ్మల్ చుక్క మీద ఆగింది. నొక్కింది.

గొంతు మొదలైంది. చుట్టాల్లో ఎవరో ఏదో అనబోయారు. మేడం అటు తిరగకుండానే, క్లాసులో పిల్లల్ని ఆపినట్టు ఎడమ చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది, చెవి స్పీకర్ వైపు వంగి ఉంది.