తాళం వేసిన మిద్దె

మా మిద్దె పడిపోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. దానంతట అది పడలేదు. చేజేతులా నేనే పడగొట్టాను.

గుమ్మఘట్ట దగ్గర మా తాత తండ్రి కట్టించిన ఇల్లది. రెండు మూరల మందం రాతిగోడలు. పడసాలలో నాలుగు కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డకొయ్యలు, ఆపైన జానెడు మందాన చౌడుమట్టి. నడిమింటి కప్పులో వెలుతురు కోసం గవాక్షి ఉండేది. ఆ ఎండ గోడ మీది గూటిదాకా పాకితేనే మా అవ్వ ఎసరు పెట్టేది. గడియారం కొన్నాక కూడా దాని మాట వినలేదు, మొండిది! ముందుగదిలో గాజులమ్మే కన్నడామె ఒకతె, తిరునాళ్ల మూడు రోజులు ఉంటానని వచ్చి పన్నెండేళ్లు ఉండిపోయింది. కన్నడంలో తిట్టేది, తెలుగులో ఏడ్చేది. ఆమె కూతురు పుట్టింది ఆ గదిలోనే.

చౌడు నీళ్లను కిందికి దిగనివ్వదు. కానీ ఏటా వానల ముందు కొత్త చౌడు పరిచి, తొక్కి, చదును చేయాలి. లేకపోతే పాతది నెర్రెలు విచ్చుతుంది. వానే రాని మా సీమలో, ఆ ఇంట్లో కాపురముండే మా అన్న ఏ ఏడూ ఆ పని మానలేదు. "రాని చుట్టానికి దినామూ వంట చేసినట్టుండాదన్నా" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"వచ్చిన దినం తెలుస్తాదిలే పోరా" అనేవాడు.

ఓ ఎండాకాలం గుండె ఆగి అన్న పోయాడు. అప్పుడే తోలించిన చౌడు వాకిట్లో కుప్పగానే ఉంది. పురోహితుడు పంచాంగం చూసి, "ధనిష్ఠ నక్షత్రంలో పోయినాడు, ఇంటికి దోషం. ఆరు నెలలు ఇల్లు మూసేయండప్పా" అన్నాడు.

పిల్లలు లేని వదినకు ఆ ఇల్లే లోకం. "మిద్దె మీద మట్టేసి పోదామప్పా. మీ అన్న తోలించి పెట్టినాడు గదా. నిచ్చెనేసుకోని బయటినుంచే ఎక్కుతా, లోపలికి పోనులే" అని బతిమాలింది.

నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఏం లాభం? అన్న చావుతో నా గుండె చెరువైంది, భయం పట్టుకుంది. "మూసిన ఇంటి నెత్తినెక్కి తొక్కుతారా వదినా? ఇంకొకరు పోవాలనా?" అని కసిరాను. శవం లేచిన సాయంత్రమే తాళం వేసి, ఆమెను రాయదుర్గంలోని మా ఇంటికి తీసుకొచ్చాను.

ఆ ఏడే వచ్చింది వాన. మూడేళ్ల కరువు తీరేలా ఐదు రోజులు ముసురు పట్టింది. వీధిలో జనం పొంగిపోయారు. నేనూ సిగ్గులేకుండా వేడివేడి బజ్జీలు తెచ్చాను. వదిన ముట్టలేదు.

"మిద్దె కారుతాంటుంది. ఒకసారి పోయి చూసొస్తావా?" అంది.

"ఇంకొక్క నెల వదినా, ఓర్చుకో" అన్నాను.

గడువు తీరాక పురోహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాం. తాళం తీస్తే తలుపు సగమే తెరుచుకుంది. లోపల మట్టి అడ్డం పడి ఉంది. నడిమింటి దూలం విరిగి, కప్పు కప్పంతా నేలకు దిగింది. గవాక్షి ఎక్కడుండేదో కూడా తెలియలేదు. అంతా ఆకాశమే.

పురోహితుడు తల పట్టుకున్నాడు. "ఈ ఏడు చౌడు ఏయలేదా?"

"మూసిన ఇంటి మీదికి ఎట్లా ఎక్కేది స్వామీ?"

"మిద్దె ఎక్కొద్దని నేను యాడ చెప్పినానప్పా? కాపురం ఉండొద్దంటి, అంతే!"

ఆయన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నాకు అన్నీ తెలుసనుకున్నాను.

వదిన మమ్మల్ని పట్టించుకోలేదు. తలుపు సందులోంచి దూరి, మట్టిదిబ్బ ఎక్కి, అన్న పడుకునే చోటు వెతుక్కుని కూర్చుంది. పక్క గోడ మీద మిగిలిన కొయ్యలు వేలాడుతున్నాయి.

"లెయ్ వదినా, అది కూడా పడేట్టుండాది. బయటికి రా!" అని అరిచాను.

"మీ అన్నను ఎత్తుకపోయిన దినమే నన్నూ బయటికి తోలితివి. నా ఇంట్లో నేను కూర్చోని ఒక్క దినం ఏడ్చింది లేదు. పడితే పడనీ. ఇప్పుడన్నా నన్ను లెమ్మనొద్దు" అంది.

లెమ్మనలేదు. పోయి పక్కన కూర్చునే ముఖం నాకు లేదు. ఆమె ఏడుపు ఆగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.