ఓబులేసు నవ్వు

2023 వేసవి. నంద్యాలలో ఒక న్యూరాలజిస్టు దగ్గర నేను ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈఈజీ అంటే తల మీద చిన్న చిన్న లోహపు బిళ్ళలను పేస్టుతో అంటించి, మెదడులో పుట్టే కరెంటును తెర మీద గీతలుగా చూసే పరీక్ష. ఆ బిళ్ళలనే ఎలక్ట్రోడ్లు అంటాం. తలకు కరెంటు పెడతారేమోనని వణుక్కుంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. పెట్టం తల్లీ, ఉన్నదాన్ని చూస్తాం, అంతే అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. మా దగ్గరికి ఎక్కువగా మూర్ఛ అనుమానంతో వస్తారు. పగటి నిద్ర కూడా ఒక మనిషిని నిలువునా ముంచేసే జబ్బని నాకు ఓబులేసు వచ్చేదాకా తెలియదు.

ఓబులేసుది ఆళ్ళగడ్డ. వయసు ముప్పై దాటి ఉంటుంది. అక్కడే ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో బిల్లింగ్ క్లర్కు. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా కంప్యూటర్ ముందే ఉద్యోగం. భార్య లక్ష్మీదేవి వెంట వచ్చింది. మనిషి చూడ్డానికి పుష్టిగా ఉన్నాడు. మొహం మాత్రం ఎవరో చీవాట్లు పెట్టి పంపినట్టు బిగుసుకుపోయి ఉంది. పేస్టు పూస్తూ నేను అందరి మీదా వేసే జోకు ఒకటి ఆయన మీదా వేశాను. లక్ష్మీదేవి నవ్వింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఉత్త పొగరుబోతు అనుకున్నాను.

ఆయన చెప్పుకున్నదల్లా పగలు నిద్ర వస్తుందని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అన్నం తిన్నాక కునుకు తీయని గుమాస్తా ఎవరు? కానీ ఓబులేసుకు పొద్దున టిఫిన్ తిని కూర్చున్న కాసేపటికే ఎవరో కళ్ళు మూసేసినట్టు వచ్చేదట. పచ్చిమిరపకాయ కొరికేవాడు. తలనొప్పి మందు కళ్ళ కింద పూసుకుని నీళ్ళు కార్చుకుంటూ పనిచేసేవాడు. నిలబడి టైపు కొట్టి చూశాడు, నిలబడే నిద్రపోయాడు. చిత్రమేమంటే నిద్రలో కూడా చేతులు ఆగేవి కావు. కళ్ళు తెరిచేసరికి ఒకే రైతు పేరు తెర నిండా ఉండేది. మళ్ళీ మొదటి నుంచి కొట్టుకునేవాడు, కొడుతూ మళ్ళీ తూలేవాడు.

రాత్రి సరిగ్గా పడుకోరా అని అడిగాను.

"అందరికంటే ముందు పండుకునేది నేనే సార్. మధ్యలో మెలకువ వస్తానే ఉంటాది. పొద్దున లేస్తూనే, రాత్రంతా మూటలు మోసినట్టుంటాది" అన్నాడు.

గురక లేదు. షుగరు, థైరాయిడ్, రక్తం అన్నీ చూపించుకున్నాడు. అన్నీ నార్మల్ అని వచ్చింది. అన్నీ నార్మల్ అయ్యాక ఇక మిగిలేది బద్ధకమే కదా. ఆఫీసూ, అత్తగారిల్లూ అదే తేల్చేశాయి.

ఆయన తల కడుక్కోవడానికి బయటికి పోయినప్పుడు లక్ష్మీదేవి గొంతు తగ్గించింది.

"సార్, ఆయప్ప చెప్పలేదు గానీ, నవ్వితే పడిపోతాడు."

నాలుగేళ్ళ కిందట ఆఫీసులో ఎవరో ఏదో అంటే ఓబులేసు పకపకా నవ్వాడట. నవ్వుతూ నవ్వుతూనే మోకాళ్ళు వదిలేసి బల్ల పక్కన కూలబడ్డాడు. మాట్లాడబోతే నాలుక తిరగలేదు. తూలుడు, ముద్ద మాట, ఎర్రటి కళ్ళు. పట్టపగలు తాగి ఆఫీసుకొచ్చాడని ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసింది. అప్పటి నుంచీ ఆయన నవ్వడం మానేశాడు. జోకులేసేవాళ్ళు కనిపిస్తే పక్కకు తప్పుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఈయన మాటలకు మా అవ్వ కూడా కడుపు పట్టుకునేది సార్ అని లక్ష్మీదేవి చెప్పుకుంది. నేను పొగరనుకున్నది పొగరు కాదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఓనరు చివరి మాట చెప్పేశాడు. వానాకాలం విత్తనాల సీజన్ మొదలయ్యేలోగా ఇది తాగుడు కాదని డాక్టరు చేత రాయించుకొని రావాలి. లేకపోతే వేరే దారి చూసుకోవాలి. ఇంటికి వచ్చేది ఆ ఒక్క జీతమే.

డాక్టరుగారు అంతా విని నార్కోలెప్సీ అన్నారు. మెదడులో నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే తలుపుకు గొళ్ళెం ఊడిపోవడం లాంటిది. పగలు రెండేసి గంటలకు ఒకసారి పడుకోబెట్టి చూసే పరీక్ష చేశాం. మనలాంటివాళ్ళకు పడుకున్న గంటన్నరకు గానీ రాని కలల నిద్ర, ఆయనకు కళ్ళు మూసిన కొద్ది నిమిషాలకే వచ్చింది. ఇక మిగిలింది ఆ పడిపోవడం. దాన్ని కేటప్లెక్సీ అంటారు. నవ్వుకు ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారిగా వదిలేస్తాయి, తెలివి మాత్రం పోదు. అది మూర్ఛ కాదని తేల్చాలంటే, పడే క్షణంలో తల మీద తీగలుండాలి, ఎదురుగా కెమెరా ఉండాలి. అంటే ఆయన్ను నవ్వించాలి.

అదెంత పని అనుకున్నాను. మా క్లినిక్‌లో హాస్యగాడినని నాకు పేరు. తెలిసినవన్నీ చెప్పాను. ఫోనులో కామెడీ వీడియోలు పెట్టాను. నర్సమ్మలు నవ్వారు, కాంపౌండరు నవ్వాడు, ఓబులేసు మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నవ్వండి సార్, ఇక్కడ పడినా ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. నాకు తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఆయన పెదవి కదల్లేదు.

"రావడం లేదు సార్. అలవాటు పోయింది" అన్నాడు. నాకు చాలా బాధేసింది.

పాప ఉంటే నవ్వుతాడని లక్ష్మీదేవే చెప్పింది. వాళ్ళ కూతురు శ్రావణి ఒకటో తరగతి. ఇంట్లో ఆ పాప కబుర్లు మొదలుపెడితే ఆపుకోలేనని తెలిసి ఓబులేసు లేచి వీధిలోకి పోతాడట. నాయనకు నేనంటే ఇష్టం లేదని పాప ఒకటి రెండుసార్లు ఏడ్చిందట కూడా. మర్నాడు పాపను నంద్యాలకు తీసుకొచ్చారు.

మీ నాయనను బాగా నవ్వియ్యమ్మా అని తల్లి చెప్పగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ లేచి వెళ్ళిపోయే నాయన ఇవాళ తీగలతో కట్టేసి దొరికాడు. నడుం వంచి వాళ్ళ అవ్వ వీడియో కాల్ మాట్లాడడం చేసి చూపించింది. అవ్వకు ఫోను చెవికి పెట్టుకోవడమే తెలుసు, కాబట్టి అవతలివాళ్ళకు తెర నిండా చెవే కనిపిస్తుంది. "నేను కనపడ్తాండానా? నాకు మీరెవ్వురూ కనపడ్డం లేదే? యాడుండారు?" అని అరచెయ్యి చెవికి నొక్కుకుని గదంతా తిరిగింది.

ముందు ఓబులేసు పెదవుల చివర్లు అదిరాయి. తర్వాత నవ్వు వచ్చింది. నాలుగేళ్ళుగా లోపల తొక్కిపెట్టిన నవ్వు అది, గట్టిగా, గొంతెత్తి. అంతలోనే దవడ జారింది, రెప్పలు వాలాయి, తల ముందుకు పడింది. నేను పట్టుకునేలోపే కుర్చీలోంచి పక్కకు ఒరిగి, బల్ల అంచుకు నుదురు కొట్టుకుని నేల మీద పడ్డాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. తెర మీద మెలకువ గీతలు చక్కగా నడుస్తున్నాయి, మూర్ఛ జాడ ఎక్కడా లేదు. దొరికింది అని నేను సంబరపడ్డాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పాప ఇంకా నవ్వుతూనే ఉంది. నాయన కూడా ఆడుతున్నాడనుకుంది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి నుదుటి రక్తానికి దూది అద్దినప్పుడు ఆగిపోయింది. నిమిషం తిరక్కుండానే ఓబులేసు లేచి కూర్చుని, ఏం కాలేదమ్మా అంటూ చెయ్యి చాచాడు. పాప దగ్గరికి పోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, మెల్లగా అంది:

"ఇంగ నవ్వియ్యన్లే నాయనా."

డాక్టరుగారు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఇది నీ వల్ల వచ్చింది కాదని ఓపికగా చెప్పారు. అన్నిటికీ తల ఊపింది.

రిపోర్టు ఇచ్చాం. ఇది తాగుడు కాదు, నరాలకు సంబంధించిన జబ్బు, మధ్యాహ్నం కాసేపు పడుకోనిస్తే పని చేసుకోగలడు అని డాక్టరుగారు స్పష్టంగా రాశారు. మాత్రలు మొదలుపెట్టారు. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు ఓనరు ఏమన్నాడని ఆత్రంగా అడిగాను.

"తాగుబోతును కాదని నమ్మినాడు సార్. నమ్మి తీసేసినాడు" అన్నాడు ఓబులేసు.

తాగుడైతే మాన్పించవచ్చు, ఇది మానేది కాదంట గదప్పా, నా ఆఫీసులో పడి తల పగిలితే ఎవరు జవాబుదారీ అన్నాడట ఓనరు. పైగా జీతమిచ్చి నిద్రపుచ్చమని రాసే డాక్టరును ఎక్కడా చూడలేదన్నాడట. చెడ్డవాడేం కాదు సార్, పోతా పోతా ఉంటే చెయ్యి పట్టుకున్నాడు అని కూడా ఓబులేసే చెప్పాడు. ఆళ్ళగడ్డలో మరో రెండు ఆఫీసుల్లో అడిగితే వాళ్ళూ రిపోర్టు చదివి వెనక్కి ఇచ్చారట.

ఇప్పుడు బావమరిది ఎరువుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. మధ్యాహ్నం బస్తాల వెనక కాసేపు పడుకుంటాడు. మాత్రలతో నిద్ర కొంత తగ్గింది, పోలేదు. పోదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నెలకోసారి వచ్చి మాత్రలు రాయించుకుని పోతాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. జబ్బుకు పేరు దొరకడమంటే బాగుపడడం అనుకునేవాణ్ణి. కాదు. పేరు మా ఫైలుకు దొరుకుతుంది. ఇంటికి ఏం మిగులుతుందో మేం చూడం. ఆ తర్వాత పరీక్ష గదిలోకి పిల్లల్ని రానివ్వడం మానేశాను. దానివల్ల ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు.

పోయిన నెల వచ్చినప్పుడు పాప ఎలా ఉందని అడిగాను. టీవీలో నవ్వులాట వస్తే ఆపేస్తుందట. బడి నుంచి వచ్చి ఏం చెప్పినా పెద్దమనిషిలా చెబుతుందట. భరించలేక ఒక ఆదివారం ఓబులేసు నేల మీద పరుపు వేసుకుని, వెల్లకిలా పడుకుని కూతుర్ని పిలిచాడట.

"'నేను ముందే పండుకున్నా గదమ్మా, ఇంగ యాడ పడతా? అవ్వ మాదిరి ఒక్క తూరి చెయ్యి' అన్నా సార్."

పాప వచ్చి పక్కన కూర్చుందట. ఆయన పెదవులు కదలగానే, రెండు చేతులతో ఆయన నోరు గట్టిగా మూసేసిందట.