పడుగు మీద పడిన బొమ్మ

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, మా అక్క దగ్గర మాత్రం ఈ సంగతి ఎత్తకండి. ప్రశాంతమైన వీధిని బొమ్మ గీయబోయి, ఆ వీధి వీధంతా నన్ను తిట్టేలా చేసుకున్న ఘనుణ్ణి నేను.

అప్పట్లో ఆదోనిలో దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. ఫోన్లో వీడియోలు చూసి ఇంప్రెషనిజం తలకెక్కింది. గీతలు గీయకూడదట, రంగులు అద్ది అద్ది పొద్దుటి వెలుగును పట్టేయాలట! పిచ్చి కుదిరింది, భుజానికి బొమ్మల స్టాండు కట్టమన్నట్టు, ఎమ్మిగనూరులో అక్కావాళ్ల మగ్గాల వీధికి పోయాను.

తెల్లారేసరికి వీధంతా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఒక్క పురుగు లేదు. "ఆహా, ఏమి ప్రశాంతత!" అనుకుని నడివీధిలో స్టాండు పాతాను. వీధిని ఖాళీ చేసింది చీరల పడుగు, అంటే నిలువు పోగులు, సాచడానికని ఇంగితమున్న ఎవడికైనా తెలిసేది. అది నాకెక్కడిది?

బావ, ఇంకో నలుగురూ గంజి పట్టించిన నూలు మోసుకొచ్చారు.

"లెయ్యప్పా, పడుగు సాచాల."

"ఒక్క నిమిషం బావా, వెలుగు పోతాది!"

"నీ వెలుగు రేపూ వస్తాది. గంజి ఆరిందంటే పోగులన్నీ అతుక్కుంటాయి!"

అక్క గడపలోంచి అరిచింది. "ఒరేయ్, ఇన్నేండ్లూ ఊరందరికీ నేసినాడు మీ బావ. ఇప్పుడు నాకోసమని నూలు తెచ్చినాడు. ఇందులో మొదటి చీర నాదిరా, సెడగొట్టాకు!"

కళాకారుణ్ణి కదా, వింటానా? పాపం, వాళ్లే నన్ను తప్పించుకుని, నా పక్కనుంచి పడుగు సాచి, పెద్ద కుంచెలతో దువ్వడం మొదలుపెట్టారు. బొమ్మ దూరం నుంచి ఎలా ఉందో చూద్దామని వెనక్కి జరగబోయి స్టాండును తన్నాను. బొమ్మ పోయి తడి పడుగు మీద బోర్లా పడింది.

"అయ్యో, నా చీర!"

తుడుద్దామని చొక్కా అంచుతో రుద్దాను. అరచేతంత మరక మూరెడైంది.

"ముట్టుకోవాకప్పా! నీకు దండం పెడతా, ముట్టుకోవాకు!" బావ నా చెయ్యి పట్టి అవతలికి లాగాడు. వీధి వీధంతా బయటికొచ్చి నన్ను తిట్టిపోసింది.

ఆ పూట అక్క అన్నం పెట్టి, మరక పడిన పడుగు దగ్గరికి వెళ్లిపోయింది. సిగ్గుతో నిజంగానే ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకు అక్క ఆ చీరే కట్టుకుని ఆదోని వచ్చింది. ఆకుపచ్చ చీర, నిగనిగలాడుతోంది. ఎంత వెతికినా మరక లేదు. నా ప్రాణం లేచొచ్చింది.

"మరక యాడ పోయిందక్కా?"

"అది చీర మొదట్లోకి వచ్చేటట్టు నేసినాడు లేరా మీ బావ." నడుం తట్టుకుని నవ్వింది. "నీ బొమ్మని బొడ్లో దోపుకున్నా. దాన్ని పెట్టాల్సిన చోటు అదేరా, ఎవురికీ కనపడదు!"

కాబట్టి మహాజనులారా, నా రంగు డబ్బాల సాక్షిగా ఒట్టు: ఇకమీదట ఏ వీధైనా ప్రశాంతంగా కనిపిస్తే, ఎందుకలా ఉందో అక్కడివాళ్లను అడగందే కుంచె తీయను.