ప్రెయిస్ జడ, కొబ్బరినూనె

ఐర్లాండ్‌లోని కాజిల్‌బార్‌లో కొబ్బరినూనె ఏడాదిలో పదకొండు నెలలు గడ్డకట్టే ఉంటుంది. నరసరావుపేట నుంచి వచ్చి అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరిన కృపావతి, శనివారం శనివారం నూనె సీసాను గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద కరగబెట్టి కూతురు ప్రెయిస్ తలకి పట్టించేది. పిల్లకి నడుము దాటిన జుట్టు. అదంటే తల్లికి ప్రాణం. ఉబ్బసానికి మంచిదని జీపీ డాక్టరు చెబితే ఏడో ఏట ఈతలో వేసింది గానీ, ఆ ఈత పతకాల దాకా పోతుందని కలలో కూడా అనుకోలేదు.

జుట్టు కత్తిరించమని కోచ్ నూలా ఏటా అడిగేది.

"జుట్టు జోలికొస్తే ఈతే మాన్పిస్తానని చెప్పవే ఆవిడకి," అనేది కృపావతి. వార్డులో ఇంగ్లీషే అయినా కోపమొస్తే ఆమెకి తెలుగే; అనువాదం ప్రెయిస్ పని. ఏం అనువదించేదో దేవుడికే తెలియాలి.

పందొమ్మిదో ఏట డబ్లిన్‌లో జాతీయ పోటీలు. రెండొందల మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను పెట్టిన గడువులోపు ముగిస్తే ఐర్లాండ్ జట్టులో చోటు. అంత పెద్ద పోటీ కదా అని ఆ పొద్దున కృపావతి ప్రార్థన చేసి మరీ రెట్టింపు నూనె పెట్టింది. ప్రెయిస్ వద్దనలేకపోయింది. చివరి మలుపు దగ్గర తలకున్న ఈత టోపీ జారిపోయి, తడిజుట్టు కళ్ళకి అడ్డంపడింది. సెకనులో మూడో వంతు ఆలస్యం. చోటు పోయింది.

"టోపీ పాతదైపోయింది, అంతే. ఇట్స్ గ్రాండ్, మామ్," అంది ప్రెయిస్, ఏం పర్లేదన్నట్టు, ఎప్పట్లాగే ఇంగ్లీషులో.

కృపావతి ఆదివారం చర్చిలో అందరి ముందూ ఆ టోపీని దుమ్మెత్తిపోసింది. ఇంటికొచ్చి ఉతకబోతూ దాన్ని తిరగేసింది. లోపలంతా నూనె జిడ్డు. సింకు పట్టుకుని కాసేపు ఏడ్చి, టోపీ ఉతికి ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి శనివారం నూనె సీసా వంటింటి అలమారాలో పై అరకి ఎక్కింది. "వేళ్ళు నొప్పులే. ఇంక నావల్ల కాదమ్మా," అంది కృపావతి. అవే వేళ్ళతో వార్డులో ఎనభై కిలోల మనుషుల్ని లేపి కూర్చోబెడుతూనే ఉంది. ప్రెయిస్‌కి అర్థమైంది.

మరుసటేడు జట్టులోకి వచ్చింది. ఆపైన వరసగా ఐదేళ్ళు జాతీయ ఛాంపియన్. క్లోరిన్ నీళ్ళకి జుట్టు ఎండుగడ్డిలా అయింది. తల్లి చూసి చూపు తిప్పుకునేది. పతకాలు మాత్రం హాల్లో వరసగా తగిలించేది.

ఇరవయ్యారో ఏట భుజం మొరాయించింది. చివరి పోటీలో నాలుగో స్థానం. ఇంటికొస్తూ ప్రెయిస్ ఇండియన్ షాపులో కొత్త నూనె సీసా కొంది. రేడియేటర్ మీద పెట్టి, సోఫాలో ఉన్న తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"రేపు ఈత లేదటే?"

"లేదమ్మా. ఇంకెప్పుడూ లేదు." ప్రెయిస్ తెలుగులో మాట్లాడటం అరుదు. "మరి నీ వేళ్ళ నొప్పులు?"

"తగ్గినయ్యిలే," అంది కృపావతి, నూనె కరిగేదాకా కూడా ఆగకుండా గడ్డనే అరచేతుల్లో రుద్దుకుంటూ.