బీరువాలో సామ్యేలు కాగితం

"ఖాళీ స్థలమని నువ్వే చెప్పావు కదా నానమ్మా! మరి బోరు మోటారు కరెంటు బిల్లు మీద ఈ సామ్యేలు ఎవరు?"

"ఏదో పాత పేరు. నీకెందుకే?"

"ఎందుకేంటి? నా ప్రాజెక్టంతా మన కాంప్లెక్సు మీదే. ఖాళీ స్థలాన్ని తొందరపడి అమ్ముకోకుండా, సమయం చూసి బిల్డరుకిచ్చిన తెలివైన మనిషివని నీ గురించి నాలుగు పేజీలు రాశాను."

"రాస్తే రాశావు. మీ సార్‌కి మన కరెంటు బిల్లుతో పనేంటి?"

"ఆయనకి కాదు, నాకే కావాలి. మీటరు పేరు మార్పించడానికి కూడా నీకు చెయ్యి రాలేదు చూడు. ఆ పీనాసితనమే పట్టించింది నిన్ను."

"నోర్ముయ్. ఆ పీనాసితనమే నీ ఫీజులు కడుతోంది."

మా సింధు విజయవాడలో ఎంబీయే చదువుతోంది. దాని ఫీజు కట్టేది నా పీనాసితనం కాదు. అదేమిటో అప్పటిదాకా నాకొక్కదానికే తెలుసు. పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాను. మా ఆయన లేడు కనుక ఆయనకు చెప్పే పని తప్పింది. కొడుక్కి చెప్పలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. పేర్లు మార్చాను. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. అక్షరాల్లో తప్పుల సంగతే చెబుతున్నాను.

తిరువూరులో రోడ్డు పక్కన మాకు కొంచెం స్థలం ఉండేది. స్థలమంటే గుంట. రోడ్డుకి నిలువెత్తు దిగువన ఉండి, వానొస్తే నీళ్లు నిలిచేవి. ఊరకే ఇస్తామన్నా ఎవరూ అడగలేదు. పంచర్లు వేసుకునే సామ్యేలు అడిగాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. స్థలం మాది, పెట్టుబడి వాళ్లది. వాళ్లు పూడ్చుకుని షెడ్డు వేసుకుంటారు, అనుకున్నన్నేళ్లు తక్కువ అద్దెకు వ్యాపారం చేసుకుంటారు, గడువు తీరాక షెడ్డుతో సహా మాకు వదిలిపెడతారు. పదిహేనేళ్లకు మాట అనుకున్నారు. మా ఆయన తెల్లకాగితాల మీద రెండు ప్రతులు రాసి, స్టాంపులు అంటించి, రెంటి మీదా సంతకం పెట్టాడు.

సామ్యేలు తన కాగితం జేబులో పెట్టుకుని గేటు దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. "మా ఇల్లు కురుస్తదమ్మగారూ, తడిసిపోద్ది. మీ బీరువాలో మీ కాగితం పక్కనే పడేయండి" అని నా చేతికిచ్చాడు. మా ఆయనకు కాదు, నాకు. నా దగ్గర పెట్టిన వస్తువు ఎక్కడికీ పోదని ఊళ్లో పేరు మరి.

అతను ఎన్ని ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించాడో నేను లెక్కపెట్టలేదు. గుంట పూడింది. షెడ్డు లేచింది. తన పేరనే కరెంటు పెట్టించుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి బస్సుల్లో జనం "సామ్యేలు షాపు దగ్గర ఆపండి" అనడం మొదలుపెట్టారు. పక్కన టీ కొట్టు వచ్చింది, ఆ పక్కన ఎరువుల కొట్టు. స్థలం నాదే, పేరు మాత్రం అతనిది. అది నాకు గిట్టలేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలిసే ఉంటుంది.

మూడో ఏట మా ఆయన పోయాడు. ఆరో ఏట ఒక బిల్డరు వచ్చాడు. ఖాళీ చేసి ఇస్తే షాపులు కడతానని, సగం నాకు, సగం తనకని అన్నాడు. నాకేం లోటు లేదు. తిండికి ఉంది, కట్టుకోవడానికి ఉంది. ఇబ్బందిలో ఉండి చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. సామ్యేలును ఖాళీ చేయమన్నాను. అతను పెద్దమనుషులను తీసుకుని వచ్చాడు. మా వరండాలో కూర్చున్నారు.

"పదిహేనేళ్లకు కాగితం ఉందంటున్నాడమ్మా" అన్నారు వాళ్లు.

"ఉంటే చూపించమనండి" అన్నాను.

"అమ్మగారి దగ్గరే ఉందండి. నేనే దాయమని ఇచ్చాను" అన్నాడు సామ్యేలు.

వాళ్లు నవ్వారు. "నీ కాగితం తీసుకెళ్లి ఆవిడకే ఇచ్చావా? ఎవడన్నా వింటే నవ్విపోతాడ్రా! ఇంకేదన్నా చెప్పు."

"మర్చిపోయుంటారండి. పెద్దాయన పోయిన కాడ్నించి బాధలో ఉన్నారు గదా. బీరువాలో ఒక్కసారి చూడమనండి."

లోపలికి వెళ్లాను. బీరువా తీశాను. పట్టుచీర కింద రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. వెతుకుతున్నట్టు వినపడాలి కదా, అందుకని హేంగర్లు అటూ ఇటూ జరిపాను. ఎంతసేపు నిలబడితే నమ్ముతారో అంతసేపు నిలబడ్డాను. అప్పుడైనా తీసుకుని బయటికి రావచ్చు కదా? ఎవరు ఆపారు నన్ను? బీరువా మూసి, బయటికి వచ్చి, లేదన్నాను. అందరికీ కాఫీ ఇచ్చాను. సామ్యేలుకూ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లాడు.

మర్నాడు నీళ్లపొయ్యిలో రెండు కాగితాలూ కాల్చాను. మా ఆయన సంతకం కూడా కాలింది.

నెల తిరక్కుండా షెడ్డు ఖాళీ చేశాడు. రేకులు పట్టుకుపోతానంటే పట్టుకుపొమ్మన్నాను, అదేదో దయ చూపినట్టు. మీటరు మాత్రం బిల్డరు కట్టే కాంప్లెక్సు బోరుకు పనికొస్తుందని ఉంచుకున్నాను. ఆ తర్వాత బజారులో కనిపించినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇవన్నీ సింధు ముందు కూర్చుని నా నోటితో నేను చెప్పింది మొన్న ఆదివారం, అది బిల్లు పట్టుకుని అడిగిన రోజే. అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "మా క్లాసులో మొదటిరోజే ఒకటి అడిగారు నానమ్మా. స్థలం విలువ పెరిగితే, పెంచింది ఎవరు అని. నేను నీ పేరు రాశాను" అంది. నన్ను ఎవరూ ఎప్పుడూ అంత మెల్లగా కొట్టలేదు. కాసేపటికి, "ఆయన ఉన్నాడా?" అని అడిగింది. విస్సన్నపేటలో ఇంకొకళ్ల షాపులో పని చేస్తున్నాడని చెప్పాను. ఎన్నాళ్లుగానో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోడ్డున వెళ్లాల్సి వస్తే బస్సులో ఆ షాపు కనపడని పక్క సీటు చూసుకుని కూర్చునేదాన్ని.

మర్నాడు ఉదయం షేర్ ఆటోలో విస్సన్నపేట వెళ్లాం. సామ్యేలు ట్రాక్టరు చక్రం విప్పుతున్నాడు. తల నెరిసిపోయింది. నన్ను చూసి లేచి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"ఆ రోజు నీ కాగితం బీరువాలోనే ఉంది సామ్యేలూ. చేత్తో ముట్టుకుని వచ్చి లేదన్నాను. తర్వాత కాల్చేశాను."

అతను చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"మా ఆవిడ నమ్మలేదమ్మగారూ" అన్నాడు. "ఎక్కడో పారేసుకొచ్చి మీ మీద పెడుతున్నానంది. పోయేదాకా అదే మాట. పోయి నాలుగేళ్లయింది."

ట్రాక్టరు డ్రైవరు తొందర పెట్టాడు. సామ్యేలు స్పానరు తీసుకుని మళ్లీ చక్రం దగ్గర కూర్చున్నాడు. ఇక మా వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సింధు ఫోను తీసి ప్రాజెక్టు తెరిచింది. "ఈ నాలుగు పేజీలూ తీసేసి, జరిగింది రాస్తాను" అంది. రాయమన్నాను. తిరువూరులో దిగేసరికి మొదటి పేజీ అయింది.