చీపురమ్మ పూడ్చిన పొయ్యిలు

ఆవిడ అసలు పేరు కన్నకూతురు కూడా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే. గొర్రెలు కాసుకునే ఆ ఎనిమిది కుటుంబాల్లో చాటున అందరూ చీపురమ్మ అనేవారు. ఎదురుపడితే మాత్రం అత్తా, పెద్దమ్మా అంటూ మర్యాద ఒలకబోసేవారు. చీపురు పట్టుకున్న మనిషితో పెట్టుకోవడం ఎవరికిష్టం?

ఏటా వానలు పడగానే వాళ్లు మందల్ని కొండమీది గడ్డిమైదానానికి తోలుకెళ్లి, నాలుగు నెలలుండి దిగివచ్చేవారు. దిగే రోజున చీపురమ్మ అందరి ప్రాణాలూ తోడేసేది. పొయ్యి గుంటని మట్టితో పూడ్చి, తవ్వేటప్పుడు వేళ్లతో సహా తీసి పక్కన పెట్టిన గడ్డిపెళ్లని మళ్లీ పైన పరవాలి. రాళ్లు ఎక్కడివక్కడ సర్దాలి. పెంటికలు కుప్పపడి ఉంటే చెదరగొట్టాలి. "మనం పడుకున్న చోట వచ్చే ఏడు గడ్డి మొలవకపోతే గొర్రెలు మన మొహం చూసి బతుకుతాయా?" అనేది. అత్తగారు నేర్పిన పద్ధతి అది.

ఒక ఏడు, ఆ మైదానాన్ని ఎవరు వాడుకుంటున్నారో చూసి వాళ్లకే మేత హక్కు రాసిస్తారని సంతకెళ్లిన అల్లుడు కబురు తెచ్చాడు. సర్వేయరు వస్తున్నాడని తెలిశాక చీపురమ్మ హడావుడి అంతా ఇంతా కాదు. అంత పెద్దమనిషి వస్తుంటే చిందరవందరగా ఉంటే పరువేం కావాలని, రెండు రోజుల ముందే గుడారాలు ఎత్తించి, మందని కిందికి తోలించి, మైదానాన్ని అద్దంలా చేయించింది. ఇంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేసి ఉండరు.

సర్వేయరు మంచివాడే. అంతా కలియదిరిగి, "ఇక్కడ మనుషులున్న ఆనవాళ్లేవీ లేవేమ్మా?" అనడిగాడు.

"ఎందుకుంటాయి బాబూ? మేమంత శుభ్రం తెలియని మనుషులమా?" అంది చీపురమ్మ గర్వంగా.

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. అల్లుడు చదివాడు. వాడకంలో లేని భూమి అట. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి, ఆ తర్వాత కంచె వేసేస్తారు. ఆ మైదానం పోతే మందల్ని అమ్ముకోవడం తప్ప ఎనిమిది కుటుంబాలకీ మరో దారి లేదు. అయినా ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. ఆవిడని ఎక్కువ బాధపెట్టింది అదే.

అభ్యంతరం చెప్పుకోవడానికి చీపురమ్మే ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా ఫైలు మీంచి తలెత్తలేదు. "గోడలున్నాయా? ఫొటోలు? పోనీ, ఏదో ఒక గుర్తు?"

"పొయ్యిలున్నాయి."

"సర్వేయరుగారికి కనబడలేదట కదా?"

"కనబడితే నేను పూడ్చినట్టెలా అవుతుంది?" అంది చీపురమ్మ.

గుమాస్తా అప్పుడు తలెత్తాడు.

సర్వేయరు మళ్లీ కొండెక్కాడు. ఆవిడ కాలితో ఒక చోటు చూపించింది. అల్లుడు గడ్డి లేపి జానెడు తవ్వేసరికి నల్లటి బూడిద. ఆవిడ రెండడుగులు పక్కకి జరిగింది. అక్కడా బూడిదే. ఏటా పాత పొయ్యి పక్కనే కొత్తది తవ్వేవారు, వరస తప్పేవారు కాదు.

"ఇది మనవరాలు పుట్టిన ఏడాదిది. ఇది కరువేడాదిది, సగం మందే మిగిలింది. ఇది మా ఆయన పోయాక మొదటిసారి వచ్చినప్పటిది," అంటూ నడిచింది. గడ్డి లేచిన ప్రతిసారీ ఆవిడ మొహం చిన్నబోయేది.

పదిహేడో గుంట దగ్గర సర్వేయరు, "చాలమ్మా," అన్నాడు.

"మా అత్తగారివి ఇంకా అటుపక్కనున్నాయి బాబూ."

హక్కు కాగితం వచ్చింది. అడుగున ఒక షరతు ఉంది. ఏటా తనిఖీకి వచ్చేవారికి నివాసపు ఆనవాళ్లు కనబడేలా ఉంచాలి.

మరుసటి ఏడు దిగే రోజున చీపురమ్మ అలవాటుగా గడ్డిపెళ్ల చేతిలోకి తీసుకుని పొయ్యి పక్కన కూర్చుంది. నాలుగు నెలలూ నీళ్లు చల్లి కాపాడిన పెళ్ల అది, పచ్చగా ఉంది.

"అత్తా, కాగితంలో..." అని నసిగాడు అల్లుడు.

"తెలుసులే నాయనా."

పెళ్లని కిందపెట్టి లేచింది. బూడిద గుంట అలాగే నోరు తెరుచుకుని ఉంది. దారి మలుపు తిరిగేదాకా ఆవిడ సిగ్గుతో తలెత్తలేదు.